టన్నాట్: వగరు ఒంటబట్టిన ద్రాక్ష

గ్లాసులో పోసిన టన్నాట్‌ను మొదటిసారి చూసినవాళ్లకు ఇది ఎరుపా, నలుపా అన్న అనుమానం వస్తుంది. గ్లాసు వెనక వేలు పెట్టి చూస్తే వేలు కనబడదు. కాస్త వంచితే, వైన్ పల్చబడే అంచు దగ్గర మాత్రం నేరేడు రంగు తేలుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే బ్లాక్‌బెర్రీ, నల్ల ప్లమ్, కొంచెం పొగ, కొంచెం అతిమధురం. వాసన ఎంత తియ్యగా పిలిచినా గుక్క వేసుకున్నాక జరిగేది వేరు. పండు రుచి తెలిసేలోపే చిగుళ్లు బిగుసుకుంటాయి, బుగ్గల లోపలివైపు పళ్లకు అతుక్కుంటుంది, నాలుక పిడచకట్టుకుపోతుంది. మింగేశాక కూడా ఆ పట్టు చాలాసేపు వదలదు.

దీనికి తెలుగులో వెతుక్కోనక్కర్లేని మాట ఉంది: వగరు. ఆరు రుచుల్లో ఒకటిగా దాన్ని లెక్కపెట్టే భాష మనది. శరీరశాస్త్రం మాత్రం వగరును రుచి కింద కాకుండా స్పర్శ కింద చూస్తుంది. లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రోటీన్లు ఉంటాయి. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వచ్చే టానిన్లు వాటిని పట్టుకుని ముద్దలు కట్టిస్తాయి. జారుడు పోయి, చర్మానికి చర్మం రాసుకుంటుంది. మనం వగరు అనుకునేది ఆ రాపిడినే. పాలు కలపని చిక్కటి టీలో కూడా జరిగేది ఇదే. అందులో పాలు పోయగానే వగరు తగ్గడానికి కారణం, టానిన్లు లాలాజలం జోలికి రాకముందే పాలలోని ప్రోటీన్లకు అతుక్కుపోవడం. ఈ చిన్న సంగతి గుర్తుంటే టన్నాట్ కథ సగం అర్థమైనట్టే. ఈ ద్రాక్షను పండించినవాళ్లు, వైన్ చేసినవాళ్లు, దాన్ని ఏ భోజనంతో తాగాలో తేల్చుకున్నవాళ్లు అందరూ తలపడింది ఒకే సమస్యతో: ఇంత వగరును ఏం చేయాలి?

ఎర్ర వైన్లలో ‘ఫుల్ బాడీ’ అనే మాట తరచూ వినిపిస్తుంది. చాలామంది దాన్ని ఆల్కహాల్ ఎక్కువ ఉండటం అనుకుంటారు. అది సగమే నిజం. వెన్న తీసిన పాలు నోట్లో నీళ్లలా జారిపోతాయి, మీగడ కట్టే పాలు నోటినిండా పరుచుకుంటాయి. వైన్‌లో నిండుదనం అలాంటి తేడా. ఆల్కహాల్ దానికి బరువు, వెచ్చదనం ఇస్తుంది. పులిసేటప్పుడు తయారయ్యే గ్లిసరాల్, తొక్కల నుంచి దిగిన రంగు పదార్థాలు, టానిన్లు, నీరూ ఆల్కహాలూ ఆవిరైపోయినా మిగిలే సారం, అన్నీ కలిస్తేనే ఆ నిండుదనం. ఆల్కహాల్ ఎక్కువగా ఉండి మిగతావి తక్కువైతే ఆ వైన్ గొంతులో మండుతుంది తప్ప నిండుగా అనిపించదు. టన్నాట్‌లో ఇవన్నీ దండిగా ఉంటాయి, వాటితోపాటు పులుపు కూడా గట్టిగానే ఉంటుంది. పులుపు వగరును మరింత ఎత్తి చూపిస్తుంది. ఒకదానికొకటి తోడై, సరిగ్గా చేయకపోతే నోరు పట్టేసే వైన్ తయారవుతుంది.

దీని పేరు కూడా ఆ కుటుంబంలోదే. యూరప్‌లో తోళ్లు పదును చేయడానికి ఓక్ బెరడు వాడేవారు. ఆ బెరడుకున్న ‘టాన్’ అనే పేరు నుంచే టానిన్ అనే మాట పుట్టింది. ఫ్రాన్స్ నైరుతి మూలన బేయార్న్ ప్రాంతపు యాసలో ఈ ద్రాక్షకు వచ్చిన పేరుకూ అదే మూలం. ఫ్రెంచి వాళ్లు చివరి అక్షరం మింగేసి ‘టనా’ అంటారు. పచ్చి తోలును చెప్పుల తోలుగా మార్చే పదార్థం ఏ జాతిదో, ఈ వైన్‌లో చిగుళ్లను పట్టుకునేది కూడా ఆ జాతిదే.

టన్నాట్ రసంలో రంగు లేదు. పండును నలిపితే దాదాపు తెల్లటి రసమే కారుతుంది. నలుపంతా తొక్కలో దాగి ఉంటుంది. ఈ పండులో ఇంత రంగు, ఇంత టానిన్ ఎందుకున్నాయో తెలుసుకోవడానికి ఉరుగ్వే, ఇటలీ శాస్త్రవేత్తలు దీని జన్యువులను చదివి 2013లో ఫలితాలు ప్రచురించారు. అప్పటికి ద్రాక్షకు ప్రామాణికంగా వాడుతున్న జన్యుపటం పినో న్వార్ రకం నుంచి తీసుకున్నది. దానిలో కనిపించని జన్యువులు టన్నాట్‌లో 1,873 తేలాయి. రంగును, టానిన్‌ను తయారుచేసే పనిలో పెద్ద వాటా ఈ అదనపు జన్యువులదే అని ఆ అధ్యయనం చెప్పింది. అంటే ఈ వగరు నేల వల్లో, ఎండ వల్లో, వైన్ చేసేవాడి చేతివాటం వల్లో మాత్రమే వచ్చింది కాదు, రక్తంలోనే ఉంది. నేల, ఎండ, చేతివాటం చేయగలిగింది దాన్ని మలచడమే.

దీని సొంత ఊరు మదిరాన్. పిరెనీస్ కొండలకు ఉత్తరాన, అదూర్ నది పరిసరాల్లో, మూడు ఫ్రెంచి జిల్లాలు కలిసే చోట ఉన్న చిన్న ప్రాంతం. మధ్యయుగాల్లో అక్కడ బెనెడిక్టిన్ సన్యాసుల మఠం ఉండేది. స్పెయిన్‌లోని సాంతియాగో పుణ్యక్షేత్రానికి నడిచి వెళ్లే యాత్రికులు ఈ వైన్ పేరును దూరదూరాలకు మోసుకెళ్లారని చెబుతారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఫిలోక్సెరా అనే వేరు పురుగు ఫ్రాన్స్ తోటల్లో చాలా భాగాన్ని తినేసినప్పుడు మదిరాన్ కూడా నేలమట్టమైంది. తర్వాత కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. 1948లో ప్రాంతపు పేరుకు చట్టబద్ధమైన గుర్తింపు వచ్చేనాటికి అక్కడ మిగిలిన తోటలు కొద్దిపాటివే. గుర్తింపు కాగితం మీద వచ్చింది గానీ, పేరు నిలబెట్టే వైన్ రావడానికి మరో మూడు నాలుగు దశాబ్దాలు ఆగాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో అక్కడి రైతులకు వగరును మచ్చిక చేసుకునే దారులు రెండే. ఒకటి కలపడం: కాబెర్నే ఫ్రాన్, కాబెర్నే సోవిన్యోన్, ఫేర్ లాంటి రకాలను కలిపి టన్నాట్ పదునును తగ్గించేవారు. రెండోది ఆగడం: పెద్ద పీపాల్లో, తర్వాత సీసాల్లో ఏళ్ల తరబడి ఉంచేవారు. ఆగలేనివాళ్లు తాగింది గరుకు వైన్. ‘పల్లెటూరి వైన్’ అన్న ముద్ర పడింది అందుకే.

ఆ ముద్రను చెరిపే పని మొదలుపెట్టినవారిలో అలాన్ బ్రుమోన్ పేరు ముందు చెప్పుకోవాలి. 1980లో ఆయన షాతో మోంతూస్ అనే పాత ఎస్టేట్‌ను కొన్నారు. 1985 పంట నుంచి, వేరే రకమేదీ కలపకుండా పూర్తిగా టన్నాట్‌తోనే వైన్ చేసి కొత్త ఓక్ పీపాల్లో ఉంచారు. ఊళ్లో అందరూ టన్నాట్‌ను పల్చన చేయడానికి చూస్తుంటే ఆయన దాన్ని ఒంటరిగా నిలబెట్టారు. తోటలో దిగుబడి తగ్గించడం, పండు బాగా పక్వానికి వచ్చేదాకా ఆగడం, పీపాల మీద ఖర్చుకు వెనకాడకపోవడం: కిటుకు ఇంతే. వగరు ఎక్కువ ఉండటం వేరు, పచ్చి వగరు ఉండటం వేరు అని ఆయన వైన్లు చూపించాయి. ఈ తేడా పట్టుకోవడమే టన్నాట్‌ను అర్థం చేసుకోవడంలో అసలు మెలిక.

పంట కోతకు ముందు తోటలో గమనిస్తే ఆ తేడా కళ్లకు కడుతుంది. రైతు గుత్తి నుంచి ఒక పండు తెంపి నోట్లో వేసుకుంటాడు. గుజ్జు మింగేసి, తొక్కను పళ్ల మధ్య పెట్టి నెమ్మదిగా నములుతాడు. తర్వాత గింజలను అరచేతిలోకి ఉమ్మి రంగు చూస్తాడు. పచ్చగా ఉంటే ఇంకా ఆగాలి. గోధుమ రంగుకు తిరిగి, కొరికితే పుటుక్కున విరిగి, వేయించిన పప్పు వాసన వస్తే కోతకు సిద్ధమైనట్టు. గుజ్జులో చక్కెర ఎంత ఉందో యంత్రం చెబుతుంది కానీ గింజ పచ్చిదనం చెప్పేది నోరే. టన్నాట్‌లో ఈ పరీక్షకు ఎక్కువ విలువ ఉంది. చక్కెర చూసి తొందరపడి కోస్తే ఆ పచ్చి గింజల వగరు, చేదు వైన్‌లోకి దిగుతాయి. వాటిని ఏ పీపా పోగొట్టలేదు.

మదిరాన్‌లో జరిగిన రెండో మార్పు టెక్నాలజీకి సంబంధించింది, దాని ప్రభావం ఊరి పొలిమేరలు దాటి ప్రపంచమంతా పాకింది. 1990ల మొదట్లో పాత్రిక్ ద్యుకూర్నో అనే వైన్ తయారీదారు ఒక ప్రశ్న వేసుకున్నారు. ఓక్ పీపా టన్నాట్‌ను మెత్తబరుస్తోందంటే, చెక్క సందుల్లోంచి, మూతి దగ్గర నుంచి కొద్దికొద్దిగా లోపలికి చేరే గాలే కదా ఆ పని చేస్తోంది? అలాంటప్పుడు స్టీలు ట్యాంకులో ఉన్న వైన్‌కు కూడా ఆ గాలిని కొలిచి ఇవ్వచ్చు కదా? ట్యాంకు అడుగున సన్నని రంధ్రాలున్న బిళ్ల పెట్టి, దాని గుండా ఆక్సిజన్‌ను కంటికి ఆనీ ఆననంత చిన్న బుడగలుగా వదిలారు. మోతాదు లీటరు వైన్‌కు నెలకు కొద్ది మిల్లీలీటర్లు. బుడగ పైకి తేలేలోపే వైన్‌లో కరిగిపోవాలి. పైదాకా వచ్చి పగిలిందంటే మోతాదు ఎక్కువైనట్టు, లేదా ట్యాంకు ఎత్తు చాలనట్టు. ఈ పద్ధతికి మైక్రో ఆక్సిజనేషన్ అని పేరు పడింది. 1996లో యూరోపియన్ కమిషన్ అనుమతించింది. ఇప్పుడు టన్నాట్ పేరు ఎన్నడూ వినని దేశాల్లో కూడా ఎర్ర వైన్లకు ఇది వాడుతున్నారు.

ఆ బుడగ లోపల చేసే పని తెలుసుకోదగ్గది. ఆక్సిజన్ వల్ల ఆల్కహాల్‌లో అతి కొద్ది భాగం అసిటాల్డిహైడ్‌గా మారుతుంది. అది ఒక వంతెనలా పనిచేసి, తొక్కల నుంచి వచ్చిన రంగు అణువును టానిన్ అణువుతో కలుపుతుంది. ఇలా జతకట్టిన రంగు తొందరగా వెలిసిపోదు, జతకట్టిన టానిన్ నోట్లో ముందున్నంత కటువుగా తగలదు. టానిన్ గొలుసులు పెద్దవై బరువెక్కి అడుగుకు దిగిపోవడమే మెత్తబడటానికి కారణం అని చాలాకాలం చెప్పుకున్నారు. అసలు లెక్క అంత సులువుగా లేదు. గొలుసులు పెరుగుతాయి, కొన్ని తెగుతాయి, రంగు అణువులు మధ్యలో చేరి ఆకారం మారుస్తాయి, వైన్‌లోని పాలిసాకరైడ్లు, అంటే పొడవాటి చక్కెర గొలుసులు, వాటిని చుట్టుకుంటాయి. ఇవన్నీ కలిసి జరిగేదాన్నే ‘వైన్ పాతబడటం’ అని ఒక్క మాటలో అనేస్తున్నాం.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచడం మంచిది కాదు. మోతాదు మించితే వైన్ మెత్తబడే దశ దాటి వాడిపోతుంది, పండు వాసన చచ్చిపోతుంది, టానిన్లు మళ్లీ పొడిబారతాయి. మోతాదు సరిగ్గా ఉన్నా ఇంకో చిక్కు. త్వరగా అమ్ముడుపోవాలని ఎక్కడికక్కడ వగరును చదును చేసుకుంటూ పోతే చివరికి మిగిలేది నల్లగా, తియ్యటి వాసనతో, ఏ ద్రాక్షో చెప్పలేని వైన్. టన్నాట్‌లో వగరు దోషం కాదు, ఆ ఇంటి దూలం. దూలం తీసేసి గోడలకు రంగు వేసుకుంటే ఏం లాభం? మంచి టన్నాట్ అంటే వగరు లేనిది కాదు. వగరు ఉండి, దానికి సరిపడా పండు, పులుపు, బరువు కూడా ఉండి, ఒకటి ఇంకోదాన్ని మింగేయనిది.

ఫ్రాన్స్‌లోనే బాస్క్ సీమలోని ఇరులేగీలో నిటారు కొండవాలు మెట్ల మీద, సేన్ మోన్‌లో కూడా ఇది పెరుగుతుంది. అయినా ఈ ద్రాక్షను ఒక దేశం జెండాలా ఎత్తుకున్నది మాత్రం అట్లాంటిక్‌కు ఆవల.

పాస్కల్ హరియాగ్ ఫ్రెంచి బాస్క్ ప్రాంతం నుంచి కుర్రతనంలోనే ఉరుగ్వేకు వలస వెళ్లినవాడు. దేశానికి వాయవ్యాన సాల్తోలో స్థిరపడ్డాడు. అక్కడి వాతావరణానికి తట్టుకుని మంచి ఎర్ర వైన్ ఇచ్చే రకం కోసం వెతికి వెతికి, 1870ల్లో టన్నాట్ దగ్గర ఆగాడు. ఆ తీగ ఎంత బాగా నిలదొక్కుకుందంటే జనం దాన్ని ఆయన పేరుతోనే ‘హరియాగ్’ అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన 1894 ఏప్రిల్ 14న చనిపోయారు. ఇప్పుడు ఏప్రిల్ 14ను టన్నాట్ దినంగా జరుపుకుంటారు. ఉరుగ్వేలోని ద్రాక్ష తోటల్లో నాలుగో వంతుకు పైగా ఈ ఒక్క రకమే.

అక్కడ కుదురుకోవడానికి కారణం ఉంది. ఉరుగ్వేలో ఎత్తైన కొండలు లేవు, సముద్రం పక్కనే, వానలు ఏడాది పొడుగునా పడతాయి. ద్రాక్ష రైతుకు తడి అంటే టెన్షన్. కోతకు ముందు వానొస్తే గుత్తులు బూజు పట్టి కుళ్లిపోతాయి. టన్నాట్ ఆ కుళ్లుకు అంత సులభంగా లొంగదు. రైతులు కూడా తమ వంతు చేశారు: తీగను రెండు పాయలుగా చీల్చి ఇంగ్లిష్ ‘వి’ అక్షరంలా పాకించే లైర్ పందిళ్లు వేశారు. గుత్తులకు రెండు వైపుల నుంచీ ఎండా గాలీ తగులుతాయి, తడి త్వరగా ఆరుతుంది, తొక్కలు బాగా పండుతాయి. పండిన తొక్కలో టానిన్లు అంత కటువుగా ఉండవు. మదిరాన్ వగరును నేలమాళిగలో ఏళ్ల తరబడి మచ్చిక చేసుకుంటే, ఉరుగ్వే ఆ పనిలో సగం పందిరి మీదే ముగించింది. ఫలితం నోటికి తెలుస్తుంది: అక్కడి టన్నాట్ చిన్న వయసులోనే తాగడానికి వీలుగా, పండు ముందుకొచ్చి, వగరు వెనక నిలబడి ఉంటుంది. రాజధాని మోంతెవిదేయో చుట్టూ ఉన్న కనెలోనెస్ జిల్లా బంకమట్టి తోటల నుంచి వచ్చేవి బరువుగా, గుండ్రంగా ఉంటే, తూర్పున సముద్రానికి దగ్గరగా మల్దొనాదో గ్రానైట్ నేలల నుంచి వచ్చేవి కాస్త చురుగ్గా, పులుపు తేలి ఉంటాయి. వేడి దేశపు టన్నాట్‌లన్నీ ఒకేలా ఉంటాయనుకునేవాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి రుచి చూడాలి.

అర్జెంటీనా ఉత్తరాన 1,700 మీటర్ల ఎత్తున కఫయాతేలో, దక్షిణ బ్రెజిల్‌లో, కాలిఫోర్నియాలో కూడా దీన్ని నాటుతున్నారు. టన్నాట్‌కు పుట్టిన పిల్ల ఒకటి ఫ్రాన్స్‌లో పేరున్న వైన్ సీమ బోర్దోకు కూడా చేరింది. 1956లో ఫ్రెంచి పరిశోధకులు సృష్టించిన అరినార్నోవా అనే సంకరం చాలాకాలం మెర్లో, పెతి వెర్దోల సంతానం అనుకున్నారు. డీఎన్ఏ పరీక్షలో తల్లిదండ్రులు టన్నాట్, కాబెర్నే సోవిన్యోన్ అని తేలింది. పెరుగుతున్న వేడికి విరుగుడుగా 2021లో బోర్దో తోటల్లోకి అనుమతించిన ఆరు కొత్త రకాల్లో అదొకటి.

టన్నాట్ గురించి ఎక్కడ చదివినా ‘గుండెకు మంచిది’ అన్న మాట కనిపిస్తుంది. దాని మూలం 2006లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక చిన్న పరిశోధన. లండన్‌కు చెందిన రోజర్ కార్డర్ బృందం, వృద్ధులు ఎక్కువగా ఉన్న ఫ్రాన్స్ నైరుతి ప్రాంతం, ఇటలీ దీవి సార్డీనియాలోని నువోరో వైన్లలో ప్రోసయనిడిన్ అనే టానిన్ జాతి పదార్థాలు మిగతావాటి కన్నా 2 నుంచి 4 రెట్లు ఉన్నాయని చెప్పింది. ఆ పదార్థాలు రక్తనాళాల కణాల మీద పనిచేస్తాయన్నది ప్రయోగశాల ఫలితం. అక్కడి నుంచి ‘ఈ వైన్ తాగితే ఆయుష్షు పెరుగుతుంది’ అనే దాకా వెళ్లింది వ్యాపారం. ఆల్కహాల్ పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. ఎంత తక్కువ తాగినా సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. టన్నాట్‌ను ఇష్టపడటానికి రుచి, చరిత్ర చాలు. ఔషధం సీసా మీద అంటించే చీటీ దానికి అక్కర్లేదు.

రుచి చూసేవాళ్లకు ఉపయోగపడే సంగతులు కొన్ని ఉన్నాయి. మరీ చల్లగా తాగితే వగరు గట్టిపడుతుంది, మరీ వెచ్చగా ఉంటే ఆల్కహాల్ ముక్కుకు కొడుతుంది. 16 నుంచి 18 డిగ్రీల మధ్య రెండూ అదుపులో ఉంటాయి. వయసులో చిన్న మదిరాన్‌ను తాగడానికి గంటా రెండు గంటల ముందే వెడల్పాటి జాడీలోకి వంచుకుంటే మూసుకున్న వాసన తెరుచుకుంటుంది. ఒట్టిగా తాగే వైన్ కాదిది. మదిరాన్‌లో బాతు మాంసంతో, బీన్స్, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించే కసూలేతో తాగుతారు. ఉరుగ్వేలో బొగ్గుల మీద కాల్చే అసాదోతో తాగుతారు. రెండు చోట్లా కొవ్వు, మాంసకృత్తులు దండిగా ఉన్న భోజనమే. పాలు టీకి చేసిన పనే మాంసం ఇక్కడ చేస్తుంది: టానిన్లకు పట్టుకోవడానికి ప్రోటీన్ అందిస్తుంది, కొవ్వు నోటికి పూత వేస్తుంది. కొవ్వు వల్ల మొద్దుబారిన నాలుకను వగరు మళ్లీ కడిగి తర్వాతి ముద్దకు సిద్ధం చేస్తుంది. కారం, మంట ఎక్కువున్న వంటతో మాత్రం ఇది పొసగదు, ఆల్కహాల్ ఆ మంటను రెట్టింపు చేస్తుంది.

మొదటిసారి తాగేవాళ్లు ఉరుగ్వే టన్నాట్‌తో మొదలుపెట్టడం మేలు. నోరు అలవాటుపడ్డాక మదిరాన్ వైపు వెళ్లచ్చు, అదీ పంట వచ్చి ఏడెనిమిదేళ్లు దాటిన సీసా దొరికితే. మంచి ఏడాదికి చెందిన గట్టి మదిరాన్ ఇరవై ఏళ్లు కూడా నిలుస్తుంది. అంత పాత సీసాను తెరిచే ముందురోజు నిలబెట్టి ఉంచాలి. మర్నాడు బిరడా తీసి, సీసా మెడ వెనక దీపమో టార్చో పెట్టుకుని, చేయి కదలకుండా సన్నటి ధారగా జాడీలోకి వంచాలి. మొదట్లో వచ్చేదంతా తేటగా, అంచుల్లో ఇటుక రంగుకు తిరిగి ఉంటుంది. చివర్లో నల్లటి మడ్డి పొగ తీగలా సీసా భుజం మీదకు పాకుతుంది. ఒకప్పుడు చిగుళ్లను పట్టుకున్న టానిన్లు, వేలును కనబడనీయని రంగు, వాటిలో కొంత భాగం ఆ మడ్డిలోనే ఉంది. ఆ తీగ మెడ దాకా వచ్చిన క్షణాన వంచడం ఆపేయాలి.